క్రూజ్ షిప్పులో పిల్లోళ్ళ పూల్, పెద్దోళ్ళ పూల్: అనంతపురం నుంచి 8 మందిమి పోయొచ్చినాం, ఉన్నదున్నట్టు రాస్తాండా

మొన్న మే నెల సెలవుల్లో సింగపూర్‌లో ఎక్కి పినాంగ్, ఫుకెట్ చూసుకోని మళ్ళ సింగపూర్‌లోనే దిగే 4 రాత్రుల క్రూజ్ పోయొచ్చినాం. షిప్పు పేరు రాయను, నాకు కోపమొచ్చినవి కొన్ని ఉండాయి, మళ్ళ ఆ తలనొప్పి నాకెందుకు. తిండి గురించి, షోల గురించి, రూముల గురించి వీడియోలు లెక్కలేనన్ని ఉండాయి, అవి చూసుకోండి. నేను రాసేది ఒక్క పూల్స్ గురించే. పూల్ గురించి కూడా ఇంత రాయల్లనా అంటారేమో, 8 మందిమి పోతే 8 మందికీ ఆ రెండు పూల్స్ కాడనే ఏదో ఒకటి అయింది, అందుకే.

ముందు ఎవురెవురు పోయినామో చెప్తా. నేను, మా ఆయన, 9 ఏండ్ల కొడుకు, రెండున్నరేండ్ల పాప, మా అత్త (68 ఏండ్లు), మా బావ అంటే మా ఆయనకు అన్న, ఆయన భార్య అక్క, వాళ్ళ పిల్లోడు. పిల్లోడంటే పిల్లోడు కాదులే, 17 నిండినాయి, ఇంటర్ సెకండియర్ రాసి కూచున్యాడు, మీసాలు కూడా వచ్చినాయి. ఈ వయసులు రోంత గుర్తుపెట్టుకోండి.

అనంతపురం వాళ్ళకు ఒక సుఖం ఏమంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు ఊరికి ఇవతలే ఉంటాది, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపూర్ దాటితే దేవనహళ్ళి, బెంగళూరు ట్రాఫిక్‌లో దూరే పనే లేదు. రాత్రి బయల్దేరి ఫ్లైటెక్కి, మరుసటి రోజు మధ్యాన్నానికి షిప్పులో ఉంటిమి. మా ఊర్లో ఎండ 42, ఏడాదంతా కలిపినా వాన 550 మిల్లీమీటర్లు దాటేది కష్టం, అట్లాంటి ఊరి నుంచి పోయి 11వ అంతస్తు మీద అంత నీళ్ళు నీలంగా మెరుస్తా ఉంటే చూసి మా అత్త మొదట అన్న మాట "ఈ నీళ్ళన్నీ వీళ్ళకు యాడివిరా" అని. నా కొడుకు దూకి ఒక గుక్క మింగి ఉప్పు ఉప్పు అని అరిచినాక తెలిసింది యాడివో. కొన్ని షిప్పుల్లో మంచినీళ్ళు పోస్తారు, కొన్నిట్లో సముద్రం నీళ్ళే వడగట్టి క్లోరిన్ వేసి నింపుతారు, మాది రెండో రకం. కండ్లు మండుతాయి, పిల్లోళ్ళకు గాగుల్స్ తీసుకుపోండి, షిప్పు అంగట్లో కొనబోతే రేటు చూసి కండ్లు ఇంకా మండుతాయి.

సరే, షిప్పు నడిమధ్యలో పెద్ద పూల్, ఫ్యామిలీ పూల్ అంటారు. వెనకాల వైపు, అద్దాల గోడ దాటినాక ఇంకొకటి చిన్నది, ఆడ బోర్డు, 18 ఏండ్లు నిండినోళ్ళకు మాత్రమే అని. మొదటి రోజే నేను ఆడ నిలబడి ఒక చిన్న కొట్లాట పెట్టుకున్యా. పాప సంకలో ఉంది, ఊరికే చూసొస్తాం అని అద్దం తలుపు తోసినా, ఆడ తెల్ల చొక్కా పిల్లోడు, ఫిలిప్పీన్స్ వాడనుకుంటా, నగుతానే చెయ్యి అడ్డం పెట్టినాడు. నీళ్ళలోకి దిగనప్పా చూసి పోతా అంటే కూడా లేదు, పిల్లోళ్ళు లోపలికి రాకూడదు అన్యాడు. నాకు ఒళ్ళు మండింది. తలకు ఇంత అని పిల్లోళ్ళకు కూడా కట్టించుకోని, మంచి చోటు చూసి పిల్లోళ్ళకు లేదంటే ఏం న్యాయం అది. పెండ్లికి పిలిచి పంక్తిలో నుంచి లేపినట్టు ఉండె నాకు. ఆ కోపం మూడు రోజులు నిలవలేదు, ఎందుకో చెప్తా.

ఫ్యామిలీ పూల్ ముందు. పొద్దున 9 లోపల పోతే బాగుంటాది. 10 దాటితే మా ఊరి రాములవారి పానకం కాడ తోపులాట గుర్తొస్తాది. మ్యూజిక్ చెవులు పగిలేటట్టు, ఒక అమ్మాయి మైకు పట్టుకోని ఆటలు ఆడిస్తా ఉంటాది, నీళ్ళలో పిల్లోళ్ళు ఒకరి మీద ఒకరు దూకుతా ఉంటారు, పక్కనే సాఫ్టీ ఐస్‌క్రీమ్ మిషన్, ఎవురన్నా ఎన్నిసార్లైనా పట్టుకోవచ్చు, నా కొడుకు రోజుకు ఎన్ని తిన్యాడో నేను లెక్కపెట్టడం మానేసినా. వాడికి మాత్రం స్వర్గమే. రెండో రోజుకే సింగపూర్ తమిళ పిల్లోడు ఒకడు, మలేషియా పిల్లోడు ఒకడు దోస్తులైనారు, ముగ్గురూ ఏ భాషలో మాట్లాడుకున్యారో ఆ దేవుడికే తెలియల్ల. ఒడ్డున ఇద్దరు లైఫ్‌గార్డులు ఎత్తు కుర్చీలో కూచోని ఉంటారు, అది నాకు బాగా నచ్చింది. షిప్పుల్లో ఈ లైఫ్‌గార్డులు మొదట్నించీ ఉన్నోళ్ళు కాదు, క్రూజు కంపెనీల్లో డిస్నీ వాళ్ళు 2013లో పెట్టినారు, రాయల్ కరీబియన్ వాళ్ళు 2017లో పెట్టినారు, అంతకుముందు మీ పిల్లోళ్ళను మీరే చూసుకోండి అని బోర్డు పెట్టి వదిలేసేవాళ్ళు. ఇప్పటికీ అన్ని కంపెనీల్లోనూ ఉండరు, బుక్ చేసే ముందు అడగండి.

ఈ పూల్ కాడ నాకున్న పెద్ద కంప్లైంటు నీడ. లేదు. పడుకునే కుర్చీలు వందల్లో ఉండాయి, నీడలో ఉండేవి ఏ పాతికో ముప్పయ్యో, అవి పొద్దున 7 కే నిండిపోతాయి. నిండడం అంటే మనుషులతో కాదు, తువ్వాళ్ళతో. ఆర్టీసీ బస్టాండులో కదిరి బస్సు ఇంకా ఆగకముందే కిటికీలో నుంచి తువ్వాలు విసురుతాం చూడు, అచ్చం అదే. తెల్లోళ్ళు కూడా మన మాదిరే అని అప్పుడు తెలిసింది. టవల్, చెప్పులు, ఒక పుస్తకం పెట్టి టిఫినుకు పోతారు, 11 కి వస్తారు. అరగంటకు మించి మనిషి లేకపోతే తీసేస్తాం అని బోర్డైతే ఉంది, తీసేటోడు కనపడితే కదా. మా బావ మొదటి రోజు తిట్టుకున్యాడు, రెండో రోజు నుంచి 6 గంటలకే లేచి తానే టవల్ వేసొచ్చినాడు.

బావదే ఇంకో కథ. నిక్కరు, పైన బనియన్ వేసుకోని దర్జాగా మెట్లు దిగబోతే లైఫ్‌గార్డు విజిల్ వేసినాడు. కాటన్ బట్టలతో నీళ్ళలోకి దిగకూడదంట. చుడీదార్లు, చీరలు, బనియన్లు, జీన్స్ ఏవీ కుదరవు, పోగులు ఊడి ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి, తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటే మనిషికే ప్రమాదం. నైలాన్ మాదిరి గుడ్డతో కుట్టిన ఈత బట్టలే వేసుకోవల్ల, ఒళ్ళంతా కప్పేవి కూడా దొరుకుతాయి, ముందే కొనుక్కోండి. బావ బనియన్ ఇప్పి దిగల్లంటే ఇష్టపడలేదు, రెండు రోజులు ఒడ్డునే కాళ్ళు పెట్టుకోని కూచున్యాడు పాపం.

ఇంక పాప సంగతి, అసలు కోపం ఇదే. డయపర్ వేసుకునే పిల్లోళ్ళను ఏ పూల్లోనూ దింపనియ్యరు. ఈతకని ప్రత్యేకంగా అమ్మే డయపర్లు ఉంటాయి కదా, అవి నాలుగు ప్యాకెట్లు కొనుక్కోని పోయినా నేను, అవి వేసినా కూడా లేదు. ఇది ఆ షిప్పు ఒక్కదాని రూలు కాదు, అమెరికా రేవులకు పోయే షిప్పులకు ఆడి సీడీసీ (రోగాలు రాకుండా చూసే సర్కారు సంస్థ) వాళ్ళు పెట్టిన నియమం, మిగతా చోట్ల కూడా శానా కంపెనీలు అదే పాటిస్తాయి. కారణం కూడా సరైందే, ఆ డయపర్లు గట్టిగా ఉండేది ఆపుతాయి గానీ నీళ్ళలో కలిసేదాన్ని ఆపలేవు, క్రిప్టోస్పోరిడియం అని ఒక క్రిమి ఉంది, అది క్లోరిన్ నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతాది. మూడో రోజు ఎవురి పిల్లోడో పూల్లో పని కానిచ్చేసినాడు, అందరినీ బయటికి లేపి, తాడు కట్టి, మందు పోసి, రెండు గంటలు మూసేసినారు. అప్పుడు అర్థమైంది రూలు ఎందుకో. రూలు మీద నాకు కోపం లేదు. టికెట్లు చేసిచ్చిన ఆయన "పాపకు ఫుల్ ఎంజాయ్ మేడమ్" అని ఫోన్లో చెప్పినాడే, దాని మీద. కొన్ని షిప్పుల్లో డయపర్ పిల్లోళ్ళ కోసమే విడిగా నీళ్ళు చిమ్మే చిన్న చోటు ఉంటాది, రాయల్ కరీబియన్ వాళ్ళ కొన్ని షిప్పుల్లో బేబీ స్ప్లాష్ జోన్ అని అదే. మా షిప్పులో లేదు. నాలుగు రోజులు ఆ పసిబిడ్డ అన్న నీళ్ళలో ఎగురుతా ఉంటే చూసి ఏడ్చింది. ఆఖరికి నేను రూములో బాత్రూమ్ షవర్ కింద కూచోబెట్టి, ఇంటి నుంచి తీసుకుపోయిన మగ్గుతో పోస్తా ఉంటిని, ఐస్ పెట్టే బకెట్ ఇచ్చి ఆడుకోమంటే అదే దానికి క్రూజు. అంత దూరం పోయి, అన్ని దుడ్లు కట్టి, మగ్గుతో నీళ్ళు పోసుకున్యాం. మగ్గు మాత్రం తప్పకుండా తీసుకుపోండి.

పిల్లోళ్ళను కిడ్స్ క్లబ్బులో వదిలి మనం పెద్దోళ్ళ పూల్‌కు పోవచ్చు అని అందరూ చెప్తారు. ఆడ కూడా ఇదే మడత. మా షిప్పులో 3 ఏండ్లు నిండి, డయపర్ మానేసి ఉండల్ల, శానా కంపెనీల్లో ఇంతే. కార్నివాల్ వాళ్ళు 2 ఏండ్ల నుంచి తీసుకుంటారు, డిస్నీలో 6 నెలల పిల్లోళ్ళకు కూడా నర్సరీ ఉంది గానీ దానికి విడిగా కట్టల్ల. కాబట్టి నేనూ మా ఆయనా వంతులేసుకున్యాం, ఒకరు పాప కాడ, ఒకరు బయట.

నా వంతు రెండో రోజు మధ్యాన్నం వచ్చింది, షిప్పు పినాంగ్‌లో ఆగి ఉంటే మా వాళ్ళంతా ఊరు చూడను దిగినారు, పాప నిద్రపోయింది, మా ఆయన రూములో ఉండి నువ్వు పోయి చూసిరా పో, రోజూ సణుగుతా ఉండావు కదా అన్యాడు. పోయినా. ఏమి చెప్పల్ల, లోపల అడుగు పెడితే ముందు తెలిసింది సద్దు లేకపోవడం. మ్యూజిక్ లేదు. అద్దాలు గాలిని ఆపుతాయి, మెత్త పరుపుల మంచాలు, పైన గుడ్డ నీడ, పదిహేను మంది కూడా లేరు. పెద్దోళ్ళకు మాత్రమే అంటే తాగేటోళ్ళ అడ్డా అనుకుంటిమి మేమంతా, అక్క అయితే "వద్దులే నువ్వు ఒక్కదానివే పోవద్దు" అని కూడా అనింది. తాగేది, ఎగిరేది అంతా ఫ్యామిలీ పూల్ బార్ కాడ. ఈడ ముసిలోళ్ళు పుస్తకం మొహం మీద పెట్టుకోని గురక పెడతాండారు.

నేను పుట్టింది శింగనమల పక్క పల్లె. మా చేని బాయిలో మా అన్నతమ్ముళ్ళు, చిన్నాయనలు, చిన్నాపెద్దా అందరూ ఎండాకాలం పొద్దుగూకేదాకా ఈదేవాళ్ళు, నడుముకు బెండు కట్టి తోసేస్తే రెండు రోజుల్లో ఈత వచ్చేది. ఆడపిల్లోళ్ళం గట్టు మీద బట్టలు పిండుతా చూస్తా ఉంటిమి. ఇప్పుడు 36 ఏండ్లకు, ఒళ్ళంతా కప్పే ఈత బట్టలు ఆన్‌లైన్‌లో కొనుక్కోని పోయి, ఫ్యామిలీ పూల్‌లో రెండు రోజులు దిగలేకపోయినా. ఎందుకంటే ఆడ బావ ఉండాడు. అత్త ఉంది. ఇంటికాడ బావ వస్తే కొంగు సర్దుకోని లేచి నిలబడేదాన్ని, తడి బట్టలతో ఆయన ముందర మెట్లెక్కి ఎట్లా వస్తా. ఈ పెద్దోళ్ళ పూల్‌లో ఉండేటోళ్ళు నాకు ఎవురూ తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు, ఎవురూ తలెత్తి కూడా చూల్లేదు. కమ్మీ పట్టుకోని మెడదాకా దిగి నిలబడినా. ఈత లేదు ఏం లేదు, ఊరికే నిలబడినా, అట్లా నలభై నిముషాలు. లైఫ్‌గార్డు లేడు ఆడ, మీ బాధ్యత మీదే అని బోర్డు, లోతు ఎంతో గట్టు మీద రాసి ఉంటాది చూసుకోని దిగండి. పిల్లోళ్ళు లేరు కాబట్టి బాగుంది అని అందరూ రాస్తారు, నాకైతే మా ఇంట్లోవాళ్ళు లేరు కాబట్టి బాగుండింది. ఈ మాట మా అక్క చదివితే ఏమనుకుంటాదో ఏమో, ఆమెను కూడా మరుసటి రోజు తోలుకోని పోయినాలే.

మా అత్తను అయితే మూడో రోజు ఫుకెట్‌లో మోకాళ్ళ నొప్పి దిగను అంటే ఆ పెద్దోళ్ళ పూల్ కాడ కూచోబెట్టి వచ్చినాం. నీళ్ళలో దిగకపోతే చీరతో కూచోవచ్చు, ఎవురూ ఏమీ అనరు. సాయంత్రం వచ్చి చూస్తే ఒక ఆస్ట్రేలియా ముసలామె ఊలు అల్లుతా పక్కన కూచోని ఉంది, మధ్యలో చిన్న బల్ల మీద మా అత్త ఇంటి నుంచి తెచ్చిన నిప్పట్లు. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు ఇంగ్లీషు రాదు, కారం ఎక్కువైందేమో ముసలామె ముక్కు తుడుచుకుంటా ఇంకోటి తీసుకుంటా ఉంది. రేపు కూడా నన్ను ఈడనే ఇడిసిపెట్టండి, మీరు తిరుగుకోండి అనింది అత్త. తిరుపతికి పోయినా ఇంత ప్రశాంతంగా కూచోలేదంట.

వీటన్నిటి మధ్యలో నలిగింది అక్క కొడుకు. 17. పెద్దోళ్ళ పూల్‌లోకి రానియ్యరు, వచ్చే సంక్రాంతికి 18 నిండుతాయి అని బావ వాదించినా, మీసాలు చూపించినా కార్డు స్కాన్ చేస్తే వయసు తెలిసిపోయె. ఫ్యామిలీ పూల్‌లో దిగితే చుట్టూ అయిదేండ్ల పిల్లోళ్ళు, నీళ్ళు చిమ్ముతాంటారు, ఆడపిల్లోళ్ళ ముందర నాకు సిగ్గుగా ఉంది అని వాడు రాలేదు. టీన్స్ క్లబ్ ఉంది గానీ ఇంగ్లీషు మాట్లాడల్ల అని భయం. ఆఖరికి రాత్రి 10 దాటినాక పిల్లోళ్ళంతా పండుకున్యాక చిన్నాయనతో కలిసి పోయి దిగేవాడు. ఈ వయసు పిల్లోళ్ళు ఉంటే ముందే రూలు చూసుకోండి, కంపెనీకొక లెక్క, పెద్దోళ్ళ చోటుకు పేరు కూడా కంపెనీకొకటి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ వాళ్ళ సొలారియంలోకి 16 నిండితే చాలు, డిస్నీ క్వయట్ కోవ్ 18, కార్నివాల్ సెరెనిటీ అయితే 21. ప్రిన్సెస్ వాళ్ళ శాంక్చువరీకి విడిగా డబ్బులు. వర్జిన్ వోయేజెస్ షిప్పులైతే మొత్తం షిప్పే 18 నిండినోళ్ళకు, 2021 నుంచి నడుస్తాండాయి, పిల్లోళ్ళతో పోయేటోళ్ళు పొరపాటున అది బుక్ చేసుకునేరు. 2024 జనవరిలో దిగిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పెద్ద షిప్పు, అందులో 7 పూల్స్, పెద్దోళ్ళకు హైడ్‌అవే అని వెనకాల, పసిపిల్లోళ్ళ ఇండ్లకు సర్ఫ్‌సైడ్ అని ఒక పేటే విడిగా. షిప్పు పెద్దదయ్యేకొద్దీ ఈ కొట్లాట తక్కువ, చిన్న షిప్పులో రెండు పూల్స్ ఉంటేనే గొప్ప, అందులో ఒకటి మూసేస్తే మిగిలినోళ్ళంతా ఒకదాని మీద పడల్ల.

నాలుగో రోజు ఏ ఊరూ లేదు, రోజంతా సముద్రమే. ఆ రోజు రెండు పూల్స్‌ కాడా జనం. మధ్యాన్నం నేనూ అక్కా పెద్దోళ్ళ పూల్ గట్టున కూచోని ఉంటే తలుపు కాడ గొడవ. చూస్తే తెలుగోళ్ళే, మాట నెల్లూరు వైపు మాదిరి ఉంది. ఇద్దరు పిల్లోళ్ళను పట్టుకోని ఆయమ్మ అయిదు నిముషాలు చూసి పోతాం అంటాంది, అదే తెల్ల చొక్కా పిల్లోడు అదే నగు మొహంతో లేదు మేడమ్ అంటాండాడు. డబ్బులు కట్టలేదా మేము అని ఆయమ్మ. మూడు రోజుల కింద నేను అన్న మాటలే, ఒక్క అక్షరం మారలేదు. న్యాయంగా లేచి పోయి తెలుగులో రెండు మాటలు చెప్పల్ల కదా. నేను గమ్మున తల అటు తిప్పుకున్యా. అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూసినా, ఇద్దరం తెలుగు రానోళ్ళ మాదిరి కూచున్యాం. పిల్లోళ్ళు లోపలికి వస్తారేమో అని గుండె కొట్టుకుంటా ఉండె, ఆ నిముషానికి నాకు నేనే రోంత అసహ్యం అనిపించినా, కదలలేదు.

సాయంత్రానికి షిప్పు ఊగడం ఎక్కువై పూల్‌లో నీళ్ళు బిందెలో నీళ్ళు తొణికినట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తన్నుతా ఉంటే అందరినీ లేపి రెండిటి మీదా వల కట్టేసినారు, పెద్దోళ్ళూ లేరు పిల్లోళ్ళూ లేరు, అందరం ఒడ్డున నిలబడి ఊరికే నీళ్ళు చూసినాం.

మార్కులు అడిగితే ఫ్యామిలీ పూల్‌కు 5 కు రెండున్నర, అది కూడా లైఫ్‌గార్డుల కోసం, నా కొడుకు సంతోషం కోసం. పెద్దోళ్ళ పూల్‌కు 4, ఒకటి ఎందుకు తగ్గించినానంటే మంచి నీడంతా తీసుకుపోయి జనం తక్కువుండే చోట పెట్టినారు, ఆ గుడ్డల్లో నాలుగు ఎండలో కూచునే పసిపిల్లోళ్ళ తల్లుల మీద కట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయె. డయపర్ పిల్లోళ్ళకు సున్నా. మేమైతే పాపకు నాలుగేండ్లు వచ్చేదాకా మళ్ళ పోము.

దిగే రోజు పొద్దున బిల్లు చూస్తే బావ కార్డులో 25 డాలర్లు ఎక్కువ పడినాయి. షిప్పు వాళ్ళ టవల్ తిరిగి ఇయ్యలేదంట. 6 గంటలకు లేచి కుర్చీ మీద వేసొచ్చినాడే, ఆ టవల్. ఎవురో తీసుకుపోయినారు. కౌంటర్ కాడ అరగంట నిలబడి, నేను కుర్చీ మీదే పెట్టినా, కావాలంటే కెమెరా చూడండి అని బావ తెలుగులో, ఆ అమ్మాయి ఇంగ్లీషులో. దుడ్లైతే కట్టినాం.